కొక్కెం మీది గీత

గల్ఫ్‌లోని తుబ్లీలో మోటార్లు బాగుచేసే వర్క్‌షాపుకి మేనేజరు భీమేశ్వరరావు. అమలాపురం వైపు మనిషి. పదకొండేళ్ళుగా ఎదురుమాట విన్న చెవులు కావు ఆయనవి. తొంభై నాలుగులో కఫీల్, అంటే వీసాలిచ్చే అరబ్బు యజమాని, స్వీడన్ నుంచి యోరన్ అనే మెకానిక్కుని జీతానికి తెచ్చి ఆయన చేతికింద పెట్టాడు. తెల్లోడు నా కింద పనిచేస్తున్నాడని ఇంటికి రెండు ఉత్తరాలు కూడా రాసుకున్నాడాయన.

ఆ తెల్లోడు సారనడు, "భీమా" అంటాడు. తొమ్మిదిన్నరకి తనే కాఫీ కాచి హెల్పర్లందర్నీ బల్ల చుట్టూ కూర్చోబెడతాడు. వాళ్ళ దేశంలో యజమానీ అక్కడే కూర్చుంటాడట. భీమేశ్వరరావు మాత్రం అద్దాలగది వదిలేవాడు కాదు.

ఆ రోజు రెండు టన్నుల మోటారుని గొలుసుకప్పీతో లారీకెత్తాలి.

"చైన్‌బ్లాకు తగిలించండి, యల్లా, కానివ్వండి!" అన్నాడు భీమేశ్వరరావు.

"వద్దు భీమా. ముందు దాని కొక్కెం చూడాలి. నువ్వు చెప్పేది తప్పు," అన్నాడు యోరన్, పదిమందిలో. వాళ్ళ దేశంలో అది తిట్టు కాదు, మామూలు పనిమాట. భీమేశ్వరరావుకి ఒంటికి కారం రాసినట్టయింది.

"చెప్పొచ్చాడండీ పెద్ద! ముత్తన్నా, నువ్వు లాగరా."

"సరే సార్," అన్నాడు ముత్తన్న. జగిత్యాల మనిషి, యాభై దాటినవాడు.

మోటారు మోకాలెత్తు లేచిందో లేదో, కొక్కెం విరిగి ధనాలున పడింది. యోరన్ రెక్క పట్టి గుంజకపోతే ముత్తన్న కాలు దానికిందే ఉండేది.

యోరన్ కేకలెయ్యలేదు. విరిగిన ముక్క చూపించి, "ఈ పగులు గీత పాతది. ఎవరైనా చూశారా?" అన్నాడంతే. ఆ మాత్రం ఇంగ్లీషు అందరికీ తెలుసు.

ముత్తన్న తల వంచుకున్నాడు. "నిన్ననే చూసిన సార్."

"చూసీ చెప్పవేంట్రా? చచ్చేవోడివి గదా!" అరిచాడు భీమేశ్వరరావు.

"మొన్న మాతోటి బాలన్న జెప్పిండు గద సార్, తాడు పాతగయ్యిందని. ఎదురు మాట్లాడుతవా అని ఇండియాకు తోలిస్తిరి. నేను గూడ పోతె ఇల్లెట్ల గడుస్తది?"

"ఏమంటున్నాడు భీమా?" అడిగాడు యోరన్.

అక్కడ తెలుగూ ఇంగ్లీషూ రెండూ బాగా తెలిసింది భీమేశ్వరరావొక్కడికే. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. నోరు తెరిచాడు గానీ, పడ్డ మోటారు పక్కనే ముత్తన్న కాళ్ళ హవాయి చెప్పులు కంటపడ్డాయి.

"నాకు భయపడి చెప్పలేదట," అన్నాడు, నేలకేసి చూస్తూ.

మర్నాడు తొమ్మిదిన్నరకి భీమేశ్వరరావు తన కప్పు తనే పట్టుకుని బల్ల దగ్గరకొచ్చాడు. యోరన్ తప్ప అందరూ గబుక్కున లేచి నిలబడ్డారు.

"కూర్చోండయ్యా," అన్నాడు. ఒక్కరూ కూర్చోలేదు.

"మీరు కూసోండి సార్," అని ముత్తన్న తన కుర్చీని భుజం మీది తువ్వాలుతో తుడిచి, ముందుకు జరిపాడు.