ఆదెమ్మ బీరు

మా ఆయన మునికృష్ణకు నోట్లో నాలుక లేదు. ఆయన వంతుది కూడా నాకే ఇచ్చాడు దేవుడు అని మా అత్త ఆదిలక్ష్మమ్మ దెప్పేది. ఆమె నోరు మాత్రం తక్కువా? మామ సారా తాగి తాగి పోయాక, ఊరి ఆడవాళ్లను పోగేసి మా ఐరాల సారా అంగడికి తాళం వేయించింది ఆమే.

తొంభై ఐదులో రాష్ట్రమంతా మందు ఆగిపోయింది. మాకు సోడా ఫ్యాక్టరీ ఉండేది. బార్లీని మొలకెత్తించి, వేయించి, ఉడికించి, ఆ రసంలో గ్యాసు కొట్టి మా ఆయన ఒక బీరు తయారుచేశాడు. నురగ ఉంటుంది, చేదు ఉంటుంది, మత్తు ఒక్కటే ఉండదు. సీసా మీద వాళ్లమ్మ బొమ్మ వేయించి, ఊళ్లో ఆమెను పిలిచే ఆదెమ్మ పేరే దానికీ పెట్టాడు.

"నాయన ఇట్లాంటిది తాగింటే బతికుండేవాడు గదమ్మా" అన్నాడు. అత్త కళ్లు తుడుచుకుని సరేనంది. చిత్తూరు నుంచి తిరుపతి దాకా అంగళ్లలో 'ఆదెమ్మ బీరు' అని అడిగి మరీ తాగేవాళ్లు.

ఆ పేరును రిజిస్టరు చేయించేటప్పుడే మా కొంప మునిగింది. ఈయనకు ఏలినాటి శని నడుస్తోంది, ఈయన పేరున ఏదీ పెట్టకూడదన్నాడు పంచాంగం చూసే పరంధామయ్య. జాతకాలన్నీ తిరగేసి, తిరుపతిలో ఉండే నా తమ్ముడు చక్రధర్ పేరైతే కలిసొస్తుందన్నాడు. మా వైపు అంగడి పెట్టినా, లారీ కొన్నా అంతే, గ్రహాలు బాగున్నవాడి పేరునే. తమ్ముడే కదా, పరాయివాడా అనుకున్నాం.

తొంభై ఏడులో మందు మళ్లీ వచ్చింది. ఇంక మత్తులేని బీరు ఎవడు తాగుతాడు? మా సీసాలు మూలన పడ్డాయి. నా తమ్ముడు, వాడి మొహం మండ, ఆ పేరునూ బొమ్మనూ కలిపి బెంగళూరు కంపెనీ ఒకదానికి అమ్మేశాడు. వాళ్లు అదే బొమ్మ అంటించి అసలు బీరు నింపి మా ఊరి బ్రాందీ షాపుకే పంపారు.

"నా మొగం తీసెయ్యమని చెప్పరా" అని అత్త కొడుకు చేతులు పట్టుకుని ఏడ్చింది. ఈయన చిత్తూరు వెళ్లి లాయరును కలిశాడు. పేరు నీది కానప్పుడు అడిగే హక్కు నీకు యాడుండాదప్పా అన్నాడట లాయరు. నాకు ఒళ్లు మండిపోయింది. తిరుపతి వెళ్లి తమ్ముడి చొక్కా పట్టుకున్నాను.

"నన్ను తిడతావేందక్కా? శని పేరు చెప్పి నా నెత్తిన పెట్టింది మీరే. నేనడిగినానా?"

"ఆ యమ్మ మొగం అమ్ముకున్నావు గదరా."

"సంతకాలైపోయినాయి. ఇంక నా చేతిలో ఏం లేదు" అని లోపలికి వెళ్లిపోయాడు.

నేను ఇల్లు చేరేసరికి తిరుమలమ్మ మా వసారాలో అత్త ఎదురుగా కూర్చుని ఉంది. ఆ రోజుల్లో అత్తతో కలిసి సారా అంగడికి తాళం వేసిన మనిషి. ఇద్దరి మధ్యా ఒక ఖాళీ సీసా ఉంది.

"మా ఆయన తాగుడు మానేసినాడని మురిసిపోతినక్కా. ఇప్పుడు దినామూ నిన్ను సంకలో పెట్టుకోని ఇంటికొస్తా ఉండాడు" అంది. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

అత్త సీసాను ఒళ్లోకి తీసుకుని తన బొమ్మను గోటితో గీకడం మొదలుపెట్టింది. వేలికి రక్తం వచ్చింది. నేను పట్టుకోబోతే విదిలించి కొట్టింది. కాగితం మొత్తం ఊడాక తల ఎత్తింది.

"ఇంకా ఎన్నుండాయి తిరుమలా?"

"ఇప్పుడే షాపు కాడికి లారీ వచ్చిందక్కా. దించతా ఉండారు."