సోమవారం పొయ్యెక్కని తపేలా

నేను ఒక ఇత్తడి తపేలాను. అజ్జరంలో కంచరివాళ్ళు పాత చెంబులూ పగిలిన గంటలూ కరిగించి నన్ను పోశారు. అంచు చుట్టూ సుత్తి దెబ్బలు తిని, లోపల కళాయి పూయించుకుని, నాంచారమ్మ కాపరానికొచ్చే రోజున సారె సామానుతో పాటు బండెక్కి ఈ ఊరొచ్చాను. మానికెడు బియ్యం అవలీలగా పట్టే ఒళ్ళు నాది. పెళ్ళిళ్ళకి వండాను, బాలింతలకి వండాను, వానల్లో తడిసొచ్చిన కూలీలకి వండాను. ఆ గొప్పలు చెప్పుకోవడానికి ఇప్పుడు నోరు విప్పలేదు. వండని రోజుల సంగతి చెప్పాలి. నా కోపమంతా అక్కడే ఉంది.

అరవై అయిదులో యుద్ధం వచ్చింది. నాంచారమ్మ మొగుడు గవర్రాజు మిలట్రీలో జవాను. కాల్పులు ఆగిపోయాయని చెప్పారుగానీ అతను మటుకు ఇంటికి రాలేదు, సరిహద్దులోనే ఉన్నాడు. ఆ రోజుల్లోనే ఓ సాయంత్రం వీధి వీధంతా పంచాయతీ రేడియో ముందు నిలబడింది. నాంచారమ్మ కూడా ఏడాది పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్ళింది. దేశంలో తిండిగింజలు చాలడం లేదనీ, పరాయివాళ్ళ ముందు చెయ్యి చాపకుండా ఉండాలంటే వారానికి ఒక్క పూట, సోమవారం సాయంత్రం, అన్నం మానమనీ ప్రధానమంత్రి అడిగాడట. ఇంటికి రాగానే ఆవిడ నన్ను చింతపండేసి తోమి, అరుగు మీద బోర్లించింది.

తను మానేసిన సోలెడు బియ్యం ఎలాగోలా తిరిగి తిరిగి గవర్రాజు కంచంలోకి చేరుతుందని ఆవిడ లెక్క. బియ్యానికి అంత దారి తెలుసా అని నాకు అనుమానం వచ్చింది. తపేలా అనుమానం ఎవడికి కావాలి?

మొదట్లో వీధంతా మానింది. హోటలు మూశారు. మేస్టారుగారింట్లో పిల్లలు కూడా మరమరాలు తిని పడుకున్నారు. మార్గశిరంలో తంతి వచ్చింది. రైతులు మళ్ళీ దున్నుకోవాలని అక్కడి పొలాల్లో మందుపాతరలు ఏరుతుంటే ఒకటి పేలి గవర్రాజు పోయాడు. ఆ నెల పది రోజులు నేను ఏ రోజూ పొయ్యెక్కలేదు. తర్వాత సంక్రాంతి ఇంకా రాకుండానే, అన్నం మానమని అడిగిన ఆ పెద్దమనిషి కూడా కన్నుమూశాడు. ఇక చాలని చెప్పేవాడు లేకుండా పోయాడు.

ఉగాదికల్లా ఊరు ఊరంతా సోమవారం రాత్రి అన్నం తినడం మొదలెట్టింది. నాంచారమ్మ మొదలెట్టలేదు. మొగుడే పోయాక ఎవరికోసమే ఈ పస్తు అని అమ్మలక్కలు అడిగితే, ఆయన పోయినా సరిహద్దులో ఇంకొకత్తి మొగుడు ఉన్నాడు కదా అంది. పైగా మానమని రేడియోలో చెప్పారుగానీ, తినమని ఎప్పుడన్నా చెప్పారా అంది. మొక్కుకున్న మొక్కు తీరిందని పూజారి చెప్పాలిగానీ మనకి మనమే చెప్పుకుంటామా అన్నది ఆవిడ పట్టు. ఆ నియమం పిల్లాడి మీద పెట్టలేదు. వాడికి వేరే సత్తు గిన్నెలో వండేది. నేను మాత్రం సోమవారం బోర్లా పడుకునేవాణ్ణి.

నాట్లేసింది, కుప్పలు నూర్చింది, కొడుకుని పెంచింది, కోడలు మంగతాయారుని తెచ్చుకుంది. కొడుకు బతుకుతెరువుకి పట్నంలో ఉండిపోతే ఇంట్లో అత్తాకోడళ్ళే మిగిలారు. ఈలోగా నాకు ఎన్నిసార్లు కళాయి వేయించారో నాకే గుర్తులేదు. ఊళ్ళోకి వచ్చిన ప్రతి ఆఫీసరునీ, ఓట్లకొచ్చిన ప్రతి నాయకుణ్ణీ నాంచారమ్మ ఆ ఒక్క ముక్కే అడిగేది. గవర్నమెంటు అడిగితే మానేశాను బాబూ, ఇక తినొచ్చో లేదో గవర్నమెంటే చెప్పాలి అనేది. కొందరు నవ్వారు. ఒకాయన ఏదో కాగితం మీద రాసుకుని, ఆ కాగితంతోనే కళ్ళజోడు తుడుచుకున్నాడు. పిచ్చిది అన్నవాళ్ళూ ఉన్నారు. అడిగినవాళ్ళు మర్చిపోతే తప్పు కాదట, మాట నిలబెట్టుకున్నది పిచ్చిదట. బాగుంది వరస.

డెబ్బై దాటాక ఆవిడకి షుగరు పట్టుకుంది. మాత్రలు వేసుకుని రాత్రి అన్నం మానితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. రెండు సోమవారాలు పెరట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. మంగతాయారు కాళ్ళావేళ్ళా పడింది. నేను చెప్తున్నాను, తినండత్తా అంటే, నువ్వు గవర్నమెంటువా అని నవ్వేసింది. నిజం చెప్పాలంటే ఆవిడకీ తినాలనే ఉంది. ఒక్క మాట కోసం చూస్తోంది, అంతే.

అప్పుడు ఎమ్మెల్యేగారు వయసు మళ్ళినవాళ్ళకి సత్కారం పెట్టారు. మంగతాయారు ఎగిరి గంతేసి అత్తగారిని ఆటోలో తీసుకెళ్ళింది. అక్కడ జరిగింది నేను చూడలేదు. తిరిగొచ్చాక నన్ను తోముతూ, ఏడుస్తూ మంగతాయారే చెప్పింది. పదింటికి రమ్మని రెండింటిదాకా ముసలివాళ్ళని ఎండలో కూచోబెట్టారట. ఆయనొచ్చి, పాతకాలం వాళ్ళకి కష్టమంటే ఏం తెలుసు, తిని అరుగుల మీద కూచున్నారు, మేమొచ్చాకే ఈ దేశానికి కడుపు నిండింది అన్నాడట. ముందు వరసలో ఉన్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారట.

శాలువా కప్పేటప్పుడు నాంచారమ్మ మైకు దగ్గరగా జరిగి, బాబూ, నేను సోమవారం రాత్రి అన్నం తినడం లేదు అని మొదలెట్టింది. అంతవరకే వినబడింది. మైకు ఆపేశారు. తమ రాజ్యంలో ఆకలుందని అనిపించడానికి అవతలి పార్టీవాళ్ళు ఈ ముసలిదాన్ని పంపారని ఎమ్మెల్యేగారు చిందులు తొక్కాడు. ఆవిడ భుజం మీద శాలువా సగమే పడింది. మిగతా సగం నేల మీద ఈడ్చుకుంటూ మెట్లు దిగింది.

ఆ మాట ఫోన్లలో పాకింది. సోమవారం సాయంత్రం ఎమ్మెల్యేగారి మనిషి బుల్లెబ్బాయి ఇద్దరు కుర్రాళ్ళనీ ఓ కెమెరానీ వెంటేసుకుని మా ఇంటికొచ్చాడు. సన్నబియ్యం బస్తా దించాడు. ఈ బియ్యం వండాలి, మామ్మగారు కడుపునిండా తినాలి, అది వీడియో తియ్యాలి, ఇక్కడ ఎవరూ పస్తులు లేరని లోకానికి చూపించాలి. ఇదీ వాడు వచ్చిన పని. మంగతాయారు భయపడి సత్తు గిన్నె తీయబోయింది. బుల్లెబ్బాయి కళ్ళు నా మీద పడ్డాయి. ఇత్తడిదైతే వీడియోలో కళకళలాడుతుందని నన్ను తిరగేసి ఎసరు పెట్టించాడు. అన్నేళ్ళలో సోమవారం నా కింద మంట పెట్టింది వాడే. నాకు ఒళ్ళు మండింది మంటకి కాదు.

అన్నం ఉడికింది. కంచంలో వడ్డించారు. కెమెరా కుర్రాడు చెయ్యెత్తి సైగ చేశాడు.

"తినండి మామ్మగారూ" అన్నాడు బుల్లెబ్బాయి.

నాంచారమ్మ మొహం వెలిగింది. ఆ వెలుగు చూసిన పాపం నేను ఇప్పటికీ అనుభవిస్తున్నాను. చేతులు తుడుచుకుంటూ అడిగింది, "ఇది గవర్నమెంటు మాటేనా బాబూ?"

"గవర్నమెంటు మాటే. తినండి."

"అయితే ఎందుకు మానమన్నారో కూడా చెప్పు. చెప్పి, చాలమ్మా అను. తింటాను."

బుల్లెబ్బాయి కుర్రాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు వాడి వైపు చూశారు. ఎవరు మానమన్నారు, ఎప్పుడు మానమన్నారు, వాళ్ళకేం తెలుసు? ఏదో ఉపవాసం అనుకున్నాడేమో, దేవుడేం అనుకోడులెండి అన్నాడు.

ఆవిడ మొహంలో వెలుగు ఆరిపోయింది. కంచం తీసి వాడి ముందు పెట్టింది. "నువ్వు తిను నాయనా. మీరు తినాలనే మేం మానేశాం" అంది.

వాడు వద్దన్నాడు. ఆవిడ అన్నం గరిటె చేత్తో పట్టుకుని, వడ్డించే మామ్మలా కాదు, పెద్ద అధికారిలా అక్కడే నిలబడింది. తినక తప్పలేదు. తలొంచుకుని తిన్నాడు. మంగతాయారు చారు పోసింది.

మర్నాడు ఆ వీడియో వచ్చింది. ఆవిడ మాటలన్నీ కోసేసి, వడ్డించడం మాత్రం ఉంచారు. కార్యకర్తకి కొసరి కొసరి వడ్డిస్తున్న ఆనందంలో మామ్మగారు అని దాని కింద రాశారు. ఊరు చూసింది, నవ్వుకుంది, మరో వీడియోలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాంచారమ్మ ఎవరినీ అడగలేదు. మూడు సోమవారాలు గడిచాయి. నాలుగో సోమవారం గడిచిన మర్నాడు, పాలవాడు వచ్చే వేళకి, ఆవిడ లేవలేదు. షుగరు పడిపోయిందని డాక్టరు రాశాడు. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఎమ్మెల్యేగారు దండ పంపాడు. దాని మీద ఆయన పేరు ఆవిడ పేరు కన్నా పెద్దగా ఉంది.

నన్ను చూస్తే మంగతాయారుకి ముద్ద దిగడం లేదు. అందుకని పాత ఇత్తడి కొట్లో వేసేసింది. ఆమెని తప్పుపట్టను. ఇక్కడ విరిగిన దీపపు కుందులకీ సొట్టపోయిన బిందెలకీ మధ్య పడి ఉన్నాను. రేపోమాపో కరిగించి, శంకుస్థాపనకి తాపీలు చేస్తారో, నాయకుడి బల్ల మీద పేరు పలక చేస్తారో. ఏం చేసినా నా కోపం కరగదు. చాలమ్మా, ఇక తిను. ఈ మూడు మాటలు అనడానికి ఒక్కడు దొరకలేదు. ఆవిడ యాభై ఎనిమిదేళ్ళు ఆకలితో కాచుకుంది.