చేతికివ్వకూడని చాకు

నేను ఒక మడత చాకుని. ఆయుధాన్ని కాదు. ఈ మాట ఇంత గట్టిగా చెప్పుకోవలసిన రోజు వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

నూజివీడులో ఒక కమ్మరి లారీ కమాను ముక్కను సాగగొట్టి, గేదె కొమ్ముతో పిడి అమర్చి నన్ను చేశాడు. పుండరీకం గారు నన్ను తిరునాళ్ళలో కొని, ముచ్చటపడి తమ్ముడు రత్నం చేతిలో పెట్టారు. అదే పొరపాటట. చాకుని చేతికివ్వకూడదు, కింద పెట్టాలి, లేకపోతే ఇద్దరికీ పడదని లోకం మాట. కొన్నాళ్ళకు మామిడితోట గట్టు దగ్గర అన్నదమ్ములకి మాటా మాటా పెరిగింది. చివరికి మాటలే ఆగిపోయాయి. గట్టు జరిపింది మనుషులు, నింద నా మీద! ఆడలేక మద్దెల ఓడంటే ఇదే కాబోలని నివ్వెరపోయాను. అయినా రత్నం గారు నన్ను పారేయలేదు. అన్న ఇచ్చింది మరి.

ఆ రోజుల్లో చాకు లేని జేబు ఉండేదా? రైల్లో ఎవరైనా "చాకుందాండీ?" అంటే చాలు, నాలుగు లాల్చీల్లోంచి నా చుట్టాలు బయటికొచ్చేవారు. జామకాయలు కోశాను, పెన్సిళ్ళు చెక్కాను, కాలిలో ముల్లు తీశాను. దసరాకి బొట్టు పెట్టి నన్ను ఆయుధం అంటే పొంగిపోయేదాన్ని. తర్వాత పళ్ళు ముక్కలై డబ్బాల్లోనే రావడం మొదలైంది. నా తోటివాళ్ళంతా అటకెక్కారు. మొన్న ఒక పెళ్ళిలో దారం తెంపడానికి రత్నం గారు నన్ను తీస్తే, పక్కనున్నావిడ కుర్చీ వెనక్కి జరుపుకుంది.

ఈ వేసవిలో పుండరీకం గారు జబ్బుచేసి బెజవాడ ఆసుపత్రిలో చేరారు. కబురు తెలిసి రత్నం గారికి అన్నం సహించలేదు. అన్నకిష్టమైన బంగినపల్లి పళ్ళు సంచిలో, నన్ను జేబులో వేసుకుని బయల్దేరారు. అన్న ఇచ్చిన చాకుతోనే పండు కోసి, ఒక ముక్క నోటికందిస్తే మాటలు వాటంతటవే వస్తాయని ఆయన ఆశ. నా మీద పడ్డ నింద నా వల్లే తొలగాలని నా ఆశ.

ఆసుపత్రి గుమ్మంలో యంత్రం కుయ్యిమంది. కాపలా అమ్మాయి చెయ్యి చాపింది.

"ఆయుధాలు లోపలికి కుదరవు బాబాయ్ గారూ. ఇటివ్వండి."

ఆయుధమా! దసరాకి బొట్టు పెట్టి పిలిచిన మాటే ఇది. ఈసారి వింటే నా పదునైన అలుగు మడతలోనే బిగుసుకుపోయింది. పండు కొయ్యడానికేనని రత్నం గారు ఎంతో బతిమాలారు. రోగుల్ని చూసే వేళ దాటిపోతోంది. చివరికి నన్ను ఆ అమ్మాయి చేతికి కాకుండా బల్ల మీద పెట్టారు.

"చేతికివ్వకూడదమ్మా. ఒకసారి ఇచ్చి చూశాం."

కాసేపటికి బయటికొచ్చిన రత్నం గారిని చూసి కొయ్యబారిపోయాను. చొక్కా నిండా మామిడి రసం! చాకు లేకుండా ఎలా కోశారని ఆ అమ్మాయి అడిగింది.

"ఎక్కడ కోశామమ్మా. అన్నయ్య తొక్క కొరికి నా చేతిలో పెట్టాడు. చిన్నప్పటిలా జుర్రుకున్నాం. రేపు మళ్ళీ రమ్మన్నాడు."

బంగినపల్లిని జుర్రుకోవడమా! పుట్టి బుద్ధెరిగాక అలాంటిది వినలేదు. ఆయన నవ్వుతూనే ఆటో ఎక్కారు. నేను బల్ల మీదే ఉన్నాను. ఆ అమ్మాయి నన్ను లైటర్లు, కత్తెరలు ఉన్న డబ్బాలో వేసి, రేపు అడుగుతారులే అనుకుంది.

మర్నాడు కాపలాకి వేరే మనిషి వచ్చాడు. రత్నం గారూ వచ్చారు, సంచి నిండా పళ్ళతో. యంత్రం కుయ్యిమనలేదు. ఒక్కసారైనా జేబు తడుముకుంటారేమోనని డబ్బాలోంచి చూశాను. ఆయన సంచి చెయ్యి మార్చుకుని, మెట్ల మీంచే "అన్నయ్యా" అని పిలుస్తూ పైకి వెళ్ళిపోయారు.