ప్రకటనల గదిలో కొత్త రంగు

ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు. ఆ మాట ఈ ప్రోగ్రామరుకు ఎవరూ చెప్పినట్టు లేదు. బస్ స్టేషన్లో ప్రకటనలు చదివేవాళ్ళు వాడే ప్రోగ్రాము అతని చేతిలో ఉంది. అందులో తెర మీది పట్టికలో ఏ బస్సు వరసను మౌస్‌తో ఎంచుకుంటే ఆ వరస వెనక బూడిదరంగు పడేది, అక్షరాలు నల్లగానే ఉండేవి. ఏళ్ళ తరబడి అందరూ దానితో హాయిగానే నెట్టుకొచ్చారు. మనవాడికి మాత్రం అది చూసినప్పుడల్లా చిరాకు. వెనక నిండు నీలం వేసి, పైన తెల్లటి అక్షరాలు పెట్టి, మా వదిన మురిసిపోతుందని ఆఫీసంతా చెప్పుకున్నాడు.

అక్కడ మైకు ముందు కూర్చునేది అతని వదినే. ఆవిడ మొహం తెలియనివాళ్ళు కూడా ఆ స్టేషన్లో ఆవిడ గొంతు గుర్తుపడతారు.

కొత్త రంగు ఎక్కించిన రోజు ఆ వైభవమేదో కళ్ళారా చూద్దామని పని మానుకుని మరీ వచ్చి, కింద బెంచీ మీద కూర్చున్నాడు. "మూడో ప్లాట్‌ఫారం..." అని మొదలుపెట్టిన వదిన గొంతు ఆగిపోయింది. "క్షమించాలి. ఐదో ప్లాట్‌ఫారం." సంచులతో, సూట్‌కేసులతో, చంకలో పిల్లలతో జనం ఇటు నుంచి అటు పరిగెత్తారు. కాసేపటికి మళ్ళీ అదే తంతు.

"ఈవిడకి మతిగానీ పోయిందా?" అని పక్కనున్న ముసలాయన విసుక్కున్నాడు.

మరిది లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. ఇంకోసారి ఆ గొంతు తడబడేసరికి కాలుగాలిన పిల్లిలా మెట్లెక్కి ప్రకటనల గదిలోకి దూరాడు. వదిన కళ్ళజోడు తుడుచుకుంటోంది.

"నువ్వెందుకొచ్చావయ్యా?"

"ఊరికే. ఏమైంది వదినా?"

"ఏమో. నీ రంగు బాగానే ఉంది, నాకే చూసిన వరస కనపడకుండా పోతోంది. కళ్ళో, బుర్రో, ఏదో ఒకటి పోయినట్టే. రేపట్నుంచి మైకు ముందు కూర్చోనని మేనేజరుగారికి చెప్పేశాను. ఆయనా వద్దనలేదు." నవ్వబోయి, కళ్ళజోడు పెట్టుకుంది. "మీ అన్నయ్యకి అప్పుడే చెప్పకు."

తర్వాతి బస్సు వరసను ఎంచుకుంది. నీలం నిండుగా పడింది. మాట్లాడడానికి అదే తెర మీద పక్కనున్న మైకు విండో మీద క్లిక్ చేసింది. అంతే, నీలం పోయింది, అక్షరాలు తెల్లగానే మిగిలాయి. తెల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు! ఆవిడ చదవాల్సిన ఆ ఒక్క వరసే మాయమైంది. దిక్కుతోచక కింది వరస అందుకుంది.

పని వేరే విండోకి మారినప్పుడు ఎంచుకున్న వరస ఏ రంగులో ఉండాలో అతను రాయనేలేదు. ఆఫీసులో ఒక్క విండో తెరిచి పెట్టుకుని, ఆ నీలాన్నే చూసుకుని మురిసిపోయాడు.

తప్పు తనదేనని అర్థమైంది. పాడుబుద్ధి వెంటనే దారి కూడా చూపించింది. చడీచప్పుడు లేకుండా సరిచేస్తే ఎవరికీ తెలియదు. కానీ రేపు ఈ కుర్చీలో వదిన ఉండదు. ఉన్నా తన కళ్ళను తనే నమ్మదు. గదిలో అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. చివరికి తిట్లు తినడమే నయమనిపించింది.

"వదినా, మీ కళ్ళు బాగానే ఉన్నాయి. బుర్రా బాగానే ఉంది. నా పనే బాలేదు," అంటూ జరిగిందంతా చెప్పాడు.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని అతన్ని ఎగాదిగా చూసింది. "పొద్దున్నుంచి చచ్చిపోతున్నానయ్యా ఇక్కడ," అంది. మాట చివర ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది.

"మేనేజరుగారితో నేను మాట్లాడతాను. ఇప్పుడే వెళ్తాను."

"ఆయన చెవిలో చెబితే సరిపోతుందా? తిట్లు తిన్నది ఇంతమంది నోట." మైకును అతని వైపు తిప్పి, తెర మీది బటన్ తనే నొక్కింది. "చెప్పు."

అతను మైకు ముందుకు వంగాడు. గది కిటికీ అద్దం అవతల, కింద జనమంతా తలలెత్తి చూస్తున్నారు.

"ప్రయాణికులకు..." అని నీళ్ళు నమిలాడు. "పొద్దున్నుంచి జరిగిన తప్పులు చదివినావిడవి కావు. నావి."

"గట్టిగా," అంది వదిన. "మేనేజరుగారి గదిదాకా వినపడాలి."