టేపు చుట్టిన ఇయర్‌ఫోన్లు

రేకు పెట్టడం, చెయ్యి లాగడం, పెడలు తొక్కడం. ప్రెస్సు దబ్బున దిగుతుంది, డబ్బా మూత ఒకటి కింద పెట్టెలో పడుతుంది. పెళ్లికి ముందు నుంచీ ఆయన చేస్తున్న పని ఇదే. ఇప్పటికీ పది వేళ్లూ ఉన్నాయంటే ఆ షెడ్డులో అది చిన్న సంగతి కాదు. అందరూ ఆయన్ని దరువు అంటారు. ఖాళీ డబ్బా దొరికినా, బల్ల దొరికినా, ఎదుటివాడి వీపు దొరికినా ఆయన వేళ్లు ఊరుకోవు.

భోజనాల గంట మోగగానే చేతులు తుడుచుకుని ఫోను తీశాడు. తెర మీద నాలుగు గళ్లు. ఒక్కో గడి తడితే ఒక్కో డోలు మోగుతుంది. పాత ఇయర్‌ఫోన్లకి తెగినచోటల్లా నల్ల టేపు చుట్టి ఉండటం చూడలేక కూతురు వైర్లు లేని కొత్త ఇయర్‌బడ్స్ కొనిచ్చింది. అవి చెవుల్లో పెట్టుకున్నాడు. సాయంత్రం ఆ పిల్లకి కొత్త దరువొకటి వినిపించాలి.

గడి తట్టాడు. వేలు ముందు తగిలింది, మోత తర్వాత వచ్చింది.

మళ్లీ తట్టాడు. మళ్లీ అంతే. వాళ్ల నాన్నకి ఇలాగే మొదలైంది. చొక్కా గుండీ పెట్టుకోబోతే చెయ్యి కాసేపు ఆలోచించేది. చివరికి మంచినీళ్లు కూడా ఒకరు తాగించాల్సి వచ్చింది. దరువుకి అన్నం సయించలేదు.

మధ్యాహ్నం మళ్లీ ప్రెస్సు ముందుకొచ్చాడు. ఇన్నేళ్లూ చూడకుండానే లాగిన చేతిని ఇప్పుడు కళ్లు విప్పార్చి చూసుకుని, బయటికొచ్చిందని నమ్మకం కుదిరాకే పెడలు తొక్కుతున్నాడు. పక్కన మూతలు సర్దే ఆవిడ కనిపెట్టేసింది.

“ఏంటి దరువన్నా, ఇవాళ దెబ్బదెబ్బకీ ముహూర్తం చూస్తున్నావ్?”

చెప్పలేక చెప్పలేక చెప్పాడు. ఆవిడ ఫక్కున నవ్వింది.

“ఓస్, దానికా! వైర్లు లేనివన్నీ అంతే అన్నా. మా మరిదికీ ఇదే గోల. పాటలు వినడానికైతే పర్లేదు గానీ వాయించడానికి పనికిరావంట. చప్పుడు లేటుగా వస్తుందంట.”

దరువుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. టీ గంటకి సొరుగులోంచి పాతవి తీసి ఫోనుకి గుచ్చాడు. వేలు తగలగానే మోగింది. పిసరంత ఆలస్యం లేదు. ఆవిడ వైపు చూసి నోరారా నవ్వాడు.

అక్కడితో ఆపినా బాగుండేది. హుషారులో రెండు చేతులతోనూ అందుకున్నాడు. ఫోను టిక్కుటిక్కుమని తాళం వేస్తోంది. ఎడమచెయ్యి టిక్కు మీదే పడుతోంది. కుడిచెయ్యి టిక్కు దాటాక పడుతోంది. వేగం తగ్గించాడు. వేళ్లు విదిల్చుకుని మళ్లీ వాయించాడు. కుడిచెయ్యి ఆలస్యంగానే వచ్చింది. ఈసారి నేరం మోపడానికి ఆ ఇయర్‌బడ్స్ కూడా లేవు. చీకట్లో చిక్కుకున్న చిన్నపిల్లాడిలా భయపడ్డాడు.

టీ ముట్టకుండానే లేచి సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లాడు.

“సార్, నన్ను మిషను మీంచి తీసెయ్యండి.”

“ఏమైందయ్యా? ఆ ప్రెస్సు నీ చేతికి తప్ప ఎవడి చేతికీ లొంగదు కదా.”

“ఆ చెయ్యే మాట వినట్లేదు సార్. వేళ్లుండగానే వెళ్లిపోతా.”

సూపర్‌వైజరు ఆ చేతివంక చూశాడు. సరేనని తలూపాడు.

గేటు దాటుతూ దరువు కొత్త ఇయర్‌బడ్స్ చెవుల్లో పెట్టుకున్నాడు. సాయంత్రం కూతురు వాయించమంటే, తప్పు వీటిమీదికి తోసెయ్యొచ్చు.

షెడ్డులో ఆయన ప్రెస్సు ఆగిపోయి ఉంది. సొరుగు పిడికి ఆయన తగిలించి వెళ్లిన టేపు చుట్టిన ఇయర్‌ఫోన్లు మాత్రం, పక్క ప్రెస్సు దిగినప్పుడల్లా సన్నగా ఊగుతున్నాయి.