జోకు చెబితేనే మిఠాయి

డెమోయిన్‌లో మనుషులు మంచివాళ్ళు. నాకు ఒళ్ళు మండేది అందుకే. చెడ్డవాళ్ళయితే నాలుగు తిట్టి మా ఒమాహాకి తిరిగిపోవచ్చు. వీళ్ళేమో సామాను దించిన రోజే పెరటి టమాటాలు తెచ్చిచ్చారు. చెత్తబండి ఏ రోజు వస్తుందో చెప్పారు. నా నెత్తి మీద మా నెబ్రాస్కా రాష్ట్రం ఫుట్‌బాల్ జట్టు ఎర్ర టోపీ చూసి కూడా చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు. మా జట్టంటే పడని ఈ అయోవా రాష్ట్రంవాడు ఆ టోపీని చూసి ఊరుకున్నాడంటే వాడికి ఎంత ఓర్పు ఉండాలో మీరే ఆలోచించండి.

నా పేరు లీలాండ్ కుబిచెక్. దక్షిణ ఒమాహాలో పుట్టి, అక్కడి రైల్వే యార్డులో పెట్టెలు తగిలిస్తూ ముసలివాణ్ణయ్యాను. నా కూతురు కొరీన్ మొగుడితో విడిపోయాక డెమోయిన్‌లో ఒక బీమా ఆఫీసులో ఉద్యోగం చూసుకుని, ఎనిమిదేళ్ళ కూతురు హ్యాటీతో ఈ ఊరు వచ్చింది. బడి నుంచి వచ్చిన పిల్లను చూసుకోవడానికి నేనూ వెంట వచ్చాను. రెండు ఊళ్ళ మధ్య కారులో రెండు గంటల దారి. దారి పొడుగునా మొక్కజొన్న చేలే కాబట్టి ఊళ్ళు కూడా రెండూ ఒకటే అనుకునేవాళ్ళు ఉన్నారు. అలాంటివాళ్ళతో నాకు మాటల్లేవు.

భోజనాల దగ్గర నాకూ కొరీన్‌కీ రోజూ ఇదే పోట్లాట.

"మా ఊళ్ళో జూ ఉంది. మీకేముంది?" అనేవాణ్ణి.

"వెన్నతో చేసిన ఆవుంది."

"అది ఆగస్టు సంతలో పెట్టి తీసేస్తారు. మా జిరాఫీ జనవరిలో కూడా ఉంటుంది."

"చలికాలం కోటు లేకుండా తిరగొచ్చు నాన్నా ఇక్కడ. ఊరి నడిబొడ్డున ఏ బిల్డింగ్ నుంచి ఏ బిల్డింగ్‌కైనా గాజు వంతెనల మీదే వెళ్ళిపోవచ్చు."

"చలికి జడిసి మనుషులు గొట్టాల్లో తిరిగే ఊరూ ఒక ఊరేనా?"

"మీకు ఒక్క నదే. మాకు రెండు."

"మా ఒక్కదాంట్లో మీ రెండూ మునిగిపోతాయి," అనేవాణ్ణి. హ్యాటీ ఫోర్కు పట్టుకుని ఒకసారి నా వైపు, ఒకసారి తల్లి వైపు చూసేది.

అంతా నవ్వుతూనే. అక్టోబరు నెలాఖరుకి ఆ నవ్వు పోయింది. హ్యాటీ బడిలో మాట్లాడటం పూర్తిగా మానేసింది. మొదట్లో ఒకరోజు నేను దాని మధ్యాహ్నం డబ్బాలో రంజా పెట్టి పంపాను. రొట్టె లోపల గొడ్డుమాంసం, క్యాబేజీ కూరి కాల్చేది. ఒమాహా పిల్లలకు ఆ మాట కూడా చెప్పక్కర్లేదు. ఇక్కడ పక్కన కూచున్న కోల్బీ అనేవాడు అదేమిటని అడిగాడు. ఇది పేరు చెప్పింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి పిల్ల పేరే రంజా అయింది. పేరు పెట్టినవాడు మర్నాటికి మర్చిపోయి ఉంటాడు. మా పిల్ల మర్చిపోలేదు. టీచరు కొరీన్‌ను పిలిపించి, మీ అమ్మాయి తలూపడం తప్ప గొంతు ఎలా ఉంటుందో మాకు తెలియదని చెప్పింది.

అదే వారంలో ఒమాహాలోని పాత ఆఫీసువాళ్ళు కొరీన్‌ను తిరిగి రమ్మన్నారు. శుక్రవారంలోగా ఏదో ఒకటి చెప్పాలి. ఇక్కడ ఒక విభాగమంతా దాని చేతి కింద నడుస్తోంది. జీవితంలో మొదటిసారి గదికి తలుపు, ఆ తలుపు మీద పేరు. అక్కడికి పోతే మళ్ళీ పాత కుర్చీ, దాని పనికి తన పేరు పెట్టుకునే పాత బాసు.

"పిల్ల నోరు విప్పని ఊళ్ళో నాకు ఏ గదైతే ఏం నాన్నా. వెళ్ళిపోదాం," అంది.

నేను గెలిచినట్టే. ఇన్నాళ్ళు నేను కోరుకున్నదే. అయినా కూతురి మొహం అలా ఉంటే ఏం గెలుపు అది. పైగా ఆ వారమంతా హ్యాటీ పడుకునే ముందు గది తలుపు మూసుకుని ఏదో గొణుక్కోవడం వినిపించేది. ఏడుస్తోందనుకున్నాను. తలుపు దాకా వెళ్ళి, ఏం చెప్పాలో తెలియక వెనక్కి వచ్చేసేవాణ్ణి.

ముప్పయ్యో తారీఖు సాయంత్రం వచ్చింది. పిల్లలు వేషాలు వేసుకుని మిఠాయిల కోసం ఇంటింటికీ తిరిగే హాలోవీన్ ముప్పై ఒకటిన అన్నది నాకు తెలిసిన సంగతి. మిఠాయిలు రేపు కొనొచ్చులే అని బల్ల మీద కాళ్ళు చాపుకుని కూచున్నాను. కొరీన్ ఆఫీసు నుంచి రాలేదు. హ్యాటీ గదిలో ఉంది. చీకటి పడగానే గంట మోగింది.

తలుపు తీస్తే మోకాలెత్తు అస్థిపంజరం నిలబడి ఉంది.

"రేపు కదమ్మా," అన్నాను.

అది కదల్లేదు. "అస్థిపంజరం సూపు ఎందుకు తాగదు?" అని నన్నే అడిగింది.

"ఏంటీ?"

"తాగితే నేల తుడుచుకోవాలి కాబట్టి." అని సంచీ నా ముందు చాచింది.

నన్ను ఆట పట్టిస్తున్నారనుకున్నాను. ఎర్ర టోపీ ముసలాయన దగ్గరకెళ్ళి అల్లరి చేసి రమ్మని ఎవడో పంపి ఉంటాడు. "నీ వేళాకోళం మీ ఇంట్లో చేసుకో," అని తలుపేశాను. మళ్ళీ గంట. ఈసారి ఒక మంత్రగత్తె. మంత్రగత్తెలు చీపురెక్కి ఎందుకు ఎగురుతారో తెలుసా అంది. వాక్యూమ్ క్లీనర్ మీద ఎగురుదామంటే వైరు అంత పొడుగుండదట. దాన్నీ పంపించేశాను. మూడోసారి గంట కాదు, తలుపు బాదుతున్న చప్పుడు.

ఎదురింటి ఐడా స్కార్పీనో. నా వయసుదే. మమ్మల్ని చూసిన మొదటిరోజు టమాటాలు తెచ్చింది ఈవిడే. చేతిలో మిఠాయిల గిన్నె, మొహంలో నిప్పులు.

"ఏమండోయ్ ఒమాహా ఆయనా, మీ గుమ్మం ఎక్కిన పిల్లలు ఏడుపు మొహాలతో మా ఇంటికొస్తున్నారు. ఏం చేశారు వాళ్ళని?"

"నేనేం చేశాను. హాలోవీన్ రేపని చెప్పాను. వాళ్ళే నన్ను వెక్కిరిస్తున్నారు."

"హాలోవీన్ రేపే. ఇవాళ బిచ్చగాళ్ళ రాత్రి. మా ఊళ్ళో పిల్లలు తిరిగేది ఇవాళే. వాళ్ళు జోకు చెప్పాలి, మనం మిఠాయి ఇవ్వాలి. మా నాన్న చిన్నప్పటి నుంచీ ఇదే పద్ధతి. మీ మనవరాలికి బడిలో చెప్పలేదా?"

చెప్పే ఉంటారు. హ్యాటీయే మాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడు అర్థమైంది. ఇంటింటికీ వెళ్ళి ఎవరో తెలియనివాళ్ళ ముందు నోరు తెరవాలి. మా పిల్లకు ఇంతకంటే పెద్ద శిక్ష ఎవరూ వెయ్యలేరు.

"మిఠాయి లేకపోతే గుమ్మం లైటు ఆర్పుకోండి. లైటుంటే వస్తూనే ఉంటారు," అంది ఐడా, కాస్త మెత్తబడి.

స్విచ్చి మీద చెయ్యి వేసేసరికే ఒక గుంపు మెట్లెక్కేసింది. ముందున్నవాడు మొక్కజొన్న కంకి వేషంలో ఉన్నాడు.

"మిఠాయిల్లేవురా పిల్లలూ. తప్పు నాదే. మా ఒమాహాలో ఇదంతా రేపు."

"అయితే మీరే ఒక జోకు చెప్పండి. ఏదో ఒకటి ఇవ్వాలి కదా," అన్నాడు కంకి.

న్యాయంగానే తోచింది. యార్డులో నేను వెయ్యిసార్లు చెప్పిన జోకు ఒకటుంది. రైలు డ్రైవరు, పట్టాల మీద ఆవు. మొదలుపెట్టాను. డ్రైవరు ఆవుతో ఏమన్నాడో చెప్పాను. ఆవు ఏమందో గుర్తు రాలేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. అక్కడే ఆగాను. పిల్లలు నవ్వలేదు, వెళ్ళిపోలేదు, మర్యాదగా నిలబడి ఎదురుచూశారు. ఈ ఊళ్ళో పిల్లలు కూడా మంచివాళ్ళే. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు నా వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"మా తాత ఇక్కడికొచ్చి మూడు నెలలైంది. గడియారం మాత్రం ఇంకా ఒమాహా టైమే పెట్టుకున్నాడు."

తిరిగి చూశాను. హ్యాటీ. వేషం లేదు, కాళ్ళకి చెప్పుల్లేవు, సోఫా వెనక నిలబడి రెండు చేతుల్తో దాన్ని గట్టిగా పట్టుకుంది.

"రెండు ఊళ్ళ టైమూ ఒకటే కదా," అన్నాడు కంకి.

"ఆ సంగతి ఆయనకి ఇంకా ఎవరూ చెప్పలేదు."

గుమ్మమంతా గొల్లుమంది. ఐడా నవ్వుకి గిన్నె ఒరిగి మిఠాయిలు మెట్ల మీద దొర్లాయి. కంకి మాత్రం మెడ చాచి లోపలికి చూశాడు.

"నువ్వు మా క్లాసు రంజావి కదూ?"

వాడే కోల్బీ. ఆ మాటకి పిల్ల మళ్ళీ నోరు మూసుకుంటే ఇక అంతే, శుక్రవారం దాకా కూడా ఆగక్కర్లేదు. వాడి మొహం మీదే తలుపు వేసేద్దామనుకున్నాను. ఐడా నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

హ్యాటీ సోఫా వదిలి గుమ్మం దాకా వచ్చింది. "నువ్వెప్పుడైనా రంజా తిన్నావా?"

"లేదు."

"ఎలా తింటావులే. నువ్వు మొక్కజొన్నవి. నిన్నే తినేస్తారు."

అందరికంటే ముందు నవ్వింది వాడే. తల మీది ఆకుపచ్చ పొట్టు ఊడి కింద పడేదాకా నవ్వాడు. "ఇంకోటి చెప్పు," అన్నాడు.

"ఆగండాగండి," అంది ఐడా. "జోకు చెప్పినవాళ్ళకి మిఠాయి ఇవ్వాలా, వద్దా?"

"ఇవ్వాలి," అన్నారు పిల్లలు.

"ఈ పిల్ల రెండు చెప్పింది. ఇవ్వండి మరి."

వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పద్ధతి పద్ధతే. ముందు కోల్బీ సంచీలోంచి పెద్ద చాక్లెట్టు తీసి హ్యాటీ చేతిలో పెట్టాడు. మిగతావాళ్ళు వరస కట్టారు. నేను వంటింట్లోకి పరిగెత్తి సూపు గిన్నె పట్టుకొచ్చాను.

మిఠాయి తీసుకునే ఇల్లొకటి ఉందన్న వార్త వీధంతా పాకింది. కాసేపట్లో మా మెట్ల నుంచి రోడ్డు దాకా దెయ్యాలు, సింహాలు, ట్రాక్టర్లు బారులు తీరాయి. నేను పంపించేసిన అస్థిపంజరం కూడా తల్లి చెయ్యి పట్టుకుని తిరిగొచ్చింది. నేను దానికి క్షమాపణ చెప్పుకున్నాను, సూపు జోకు బాగుందన్నాను. హ్యాటీ మెట్ల మీద నిలబడి ఒకదాని తర్వాత ఒకటి వదులుతోంది.

"ఒమాహాకీ డెమోయిన్‌కీ మధ్య అంత మొక్కజొన్న ఎందుకుంది?"

"ఎందుకు?"

"రెండు ఊళ్ళవాళ్ళూ కొట్టుకోకుండా."

వారమంతా మూసిన తలుపు వెనక గొణుక్కున్నది ఇవే. ఏడుపు కాదు. నా మీద, వాళ్ళమ్మ మీద, మా పోట్లాటల మీద జోకులు అల్లుకుని, చెప్పే ధైర్యం లేక తనకు తానే చెప్పుకుంది. ఆ సంగతి తెలిసి గుండె పొంగిపోయింది. మా యార్డులో నేను తగిలించిన అన్ని రైళ్ళూ ఒక్కసారి కూత పెట్టినా నాకు అంత సంతోషం ఉండేది కాదు.

జనం అడ్డంగా ఉండటంతో కొరీన్ కారు వీధి చివరే ఆగిపోయింది. మా ఇంటి ముందు గుంపు చూసి ఏం జరిగిందోనని పరిగెత్తుకొచ్చింది. సగం దారిలో హ్యాటీ గొంతు విని ఉన్నచోటే నిలబడిపోయింది. హ్యాటీ ఆమెను చూసి చెయ్యూపి, "అదుగో మా అమ్మ. ఆవిడక్కూడా ఒకటుంది," అని ఊరందరి ముందూ గొట్టాల్లో తిరిగే బీమా ఆడవాళ్ళ మీద ఒక జోకు చెప్పింది. కొరీన్ ఏడుస్తూ నవ్వింది. నవ్వి, అక్కడే రోడ్డు మీద నిలబడి పర్సులో వెతికి ఒక పిప్పరమెంటు తీసి వరసలో నిలుచుంది.

పిల్లలు వెళ్ళిపోయాక ముగ్గురం వంటింట్లో గిన్నె చుట్టూ కూచున్నాం. హ్యాటీ నోట్లో చాక్లెట్టు పెట్టుకుని అడిగింది.

"తాతా, ఒమాహాలో కూడా జోకు అడుగుతారా?"

అడుగుతారని ఒక్క మాట అంటే చాలు. అబద్ధం నాలిక చివరి దాకా వచ్చింది కూడా. కొరీన్ నన్నే చూస్తోంది.

"అడగరు," అన్నాను. "తలుపు తీసి, సంచీలో పడేసి, తలుపేసుకుంటారు."

"పాపం," అంది హ్యాటీ.

మా ఊరి మీద జాలిపడ్డ మనిషిని నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. టోపీ తీసి బల్ల మీద పెట్టాను.

"కొరీన్, శుక్రవారం దాకా ఎందుకు. రేపే ఫోన్ చేసి రానని చెప్పెయ్."

"నిజంగానా?" అంది. మెల్లిగా, "మరి నువ్వు? నువ్వు మాత్రం వెళ్ళిపోతావా నాన్నా?" అంది.

నేను జవాబు చెప్పేలోపే హ్యాటీ అడ్డం వచ్చింది.

"ఎలా వెళ్తాడు? తాత వెళ్ళిపోతే నేను జోకులు ఎవరి మీద వెయ్యాలి?"