ఇడ్లీ అంగట్లో హాలండు ఇంటిపేర్లు

పొద్దున లేస్తానే నాగరత్నమ్మ చేసే మొదటి పని తన ఇడ్లీపిండి మూత తీసి చూసుకోవడం. రెండో పని రోడ్డుకు అవతల వరదమ్మ పిండి పక్క తొంగిచూడటం. రెండో పని అయినాక ఇంగ ఆ దినం ఏ పని మీదా మనసు నిలబడదు.

పూతలపట్టు క్రాసులో ఇద్దరివీ ఎదురెదురు అంగళ్ళు. చిత్తూరు నుంచి తిరపతికి పొయ్యే బస్సులన్నీ ఆడ టిఫినుకు ఆగల్ల. ఏ అంగడి ముందర ఆపేదీ డ్రైవరు ఇష్టం. వరదమ్మ ఎవురో కాదు, నాగరత్నమ్మకు సొంత మేనమామ కూతురే. నోటినిండా "వదినా, వదినా" అని పిలుచుకుంటారు. ఆ వదినా అనేదాంట్లో ఎంత కారం ఉండాదో చుట్టుపక్కల అందరికీ తెలుసు.

నిరుడు దాకా బాగనే ఉన్నింది. ఒగ బస్సు ఈపక్క ఆగితే ఇంగోటి ఆపక్క ఆగేది. ఆ తర్వాత బాకర్ దిగినాడు.

కరువు కదా. ఊర్లల్లో బోర్లు వేసేదానికి హాలండు దేశం నుంచి కొంతమంది వచ్చినారు. వాళ్ళల్లో బాకర్ అనే పొడుగాయన వరదమ్మ వాళ్ళ వెనక గది బాడిగకు తీసుకున్నాడు. పక్క దినం తెల్లారేసరికి వరదమ్మ పిండి పొంగి పొంగి, మూతను ఎత్తేసి, మూత మీది రాయిని దొర్లించేసి, అరుగు మీదికి దిగి వచ్చేసింది. ఇడ్లీలు పసిబిడ్డల తలగడల మాదిరి వచ్చినాయి. దీన్ని ఎవురూ వింతగా చూడలేదు. వరదమ్మ ఇంగా పెద్ద అండా కొనుక్కునింది, బస్సులన్నీ ఆపక్కకు తిరుక్కున్నాయి, అంతే.

"సూడు సూడు, చెంగయ్య గూడా ఆడనే ఆపినాడు!" అనింది నాగరత్నమ్మ. చెంగయ్య తిరపతి బస్సు డ్రైవరు. "మనకాడ ఊరికే తిన్న దోసెలన్నీ వాడి కడుపులో రాళ్ళైపోను!"

మొగుడు గురప్ప చెట్నీకి చెనిక్కాయలు వేయిస్తా ఉన్నాడు. "ఇడ్లీ మెత్తగా ఉంటే మనిషి ఆడికే పోతాడు మే."

"అది మెత్తగా ఉండాదని నీకెట్ల తెలుసు?"

గురప్ప చెనిక్కాయలు నిండా శ్రద్ధగా తిప్పినాడు.

"తిన్నావా?"

"రెండే."

ఆ రెండు ఇడ్లీలకు గురప్ప రెండు దినాలు మాట పడినాడు. అన్ని తిట్లూ అయినాక నాగరత్నమ్మకు విషయం తేటతెల్లమయింది. అంతా ఆ తెల్లాయన పాదం మహిమ. ఆయన అడుగుపెట్టినాకనే కదా దానికి పొంగు వచ్చింది. పాదమే కావల్లంటే దానికేం భాగ్యం? తనూ ఒగ పాదాన్ని తెచ్చుకుంటాది.

సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి క్యారియర్లో పెట్టుకొని ఐరాల రోడ్లో బోరు వేసేచోటికి పోయింది. ఆడ హాలండోళ్ళల్లో ఎర్రగడ్డమాయన ఒకాయన నీడలో కూర్చొని బిస్కట్లు నములుతా ఉన్నాడు.

"ఏం నాయనా, ఇట్ల ఎండుబిస్కట్లు తిని ఎన్నాళ్ళు బతుకుతావు? మా ఇంటికి రా. ముందర గది ఖాళీగా ఉండాది. బాడిగ గూడా వద్దు."

సంగటి తిన్నాక ఆయన ఇంగ ఆలోచన చెయ్యలేదు. సాయంత్రానికే పెట్టె ఎత్తుకొని వచ్చేసినాడు. నాగరత్నమ్మ గడప కాడ నిలబెట్టి, "కుడికాలు పెట్టు నాయనా, కుడికాలు" అనింది.

"హారతి గూడా పట్టు, కొత్తకోడలు వచ్చింది" అన్నాడు గురప్ప.

తెల్లారి మూత తీస్తే పిండి ఎట్ల రుబ్బి పెట్టిందో అట్లనే అడుగున పండుకోనుండాది. నాగరత్నమ్మ ఉసూరుమని నీళ్ళ కుండలో చెంబు ముంచింది. చెంబులో కొరమీను వచ్చింది. ఇంగో కుండలో గెండెచేపలు. చేతులు కడుక్కొనే తొట్లో చిన్నవీ పెద్దవీ నిండుకొని తోకలు కొట్టుకుంటా ఉండాయి.

ఖర్మ కొద్దీ ఆ దినమే చానాళ్ళకు ఒగ బస్సు ఈపక్క ఆగింది. అందరూ పసుపుగుడ్డలు కట్టుకొని కొండకు మొక్కు తీర్చేదానికి పోతా ఉండారు. ఒక ముసలామె నీళ్ళ టంబ్లరు ఎత్తింది. టంబ్లర్లో వేలంత చేప ఆమె మొగం పక్కే చూస్తా ఉండాది.

"గోవిందా గోవిందా!" అని టంబ్లరు కింద పెట్టేసింది ముసలామె. "ఏమ్మా, చేపలనీళ్ళ ఇడ్లీ తినిపిచ్చి కొండెక్కిస్తావా మమ్మల్ని? ముందే చెప్పకూడదా?"

బస్సు బస్సంతా లేచి రోడ్డు దాటింది. అవతల వరదమ్మ అందరికీ రెండేసి గంటెలు సాంబారు జాస్తి పోసింది. అట్ల పోస్తా పోస్తా ఈపక్కకు చూసి నవ్వింది గూడా. ఆ నవ్వు నాగరత్నమ్మకు గుండెల్లో ముల్లు మాదిరి దిగబడింది.

ఎర్రగడ్డమాయన బల్ల మీద కూర్చొని తల గోక్కున్నాడు. ఆయన బోరుబండి కూలీలకాడ తెలుగు నేర్చినాడు కాబట్టి మాట అచ్చం మనదే.

"అమ్మా, నా పేరు విస్సర్. నువ్వు నా పేరు అడగలే. పాదం అడిగినావు."

"పేరుకేమి?"

"విస్సర్ అంటే చేపలు పట్టేవాడు. బాకర్ అంటే రొట్టెలు కాల్చేవాడు. మా దేశంలో ఇంటిపేర్లు అట్లనే. కమ్మరి స్మిట్. పిండిమర ఆడించేవాడు మల్డర్. ఇంటికి కప్పు వేసేవాడు డెక్కర్."

"అయితే నువ్వు చేపలోడివా?"

"నేనా? ఒగ చేప గూడా పట్టలే. నీళ్ళంటే భయం నాకు. మా తాతకు తాతకు తాత పట్టినాడంట. అప్పుడు ఊర్లో పేరుకు అందరూ యాన్‌లే. ఏ యాన్? చేపల యాన్. ఏ యాన్? రొట్టెల యాన్. ఎదురింటోళ్ళు పిలిచి పిలిచి అదే అతుక్కునింది. ఆమీట ఫ్రెంచి రాజొకడు వచ్చి, అందరూ ఇంటిపేరు రాయించుకోండి అన్నాడు. అప్పటికి ఏది అతుక్కోనుంటే అది రాయించుకున్నారు. మా ఊర్లో విస్సర్. పక్కూర్లో విస్సర్స్. సముద్రం ఒడ్డుకు పోతే డి విస్సర్. కమ్మరీ అంతే. ఒగ చోట స్మిట్, ఒగ చోట స్మిట్స్, ఎల్ల దాటితే డి స్మెట్."

"ఒగే పిండి. ఈడ ఇడ్లీ, ఆడ దోసె" అన్నాడు గురప్ప. "మా పక్క ఈ తంటా లేదప్పా. నాయన పేర్లో మొదటి అక్షరం తగిలిస్తే అయిపాయ."

నాగరత్నమ్మకు అవేమీ తలకెక్కలేదు. "నాయనా, నువ్వు ఆ పేరు మార్చుకోకూడదా? మీ అమ్మ పక్క పేరేంది?"

"బ్రౌవర్."

"అంటే?"

"సారాయి కాచేవాళ్ళు."

"వద్దు నాయనా, గమ్మునుండు" అనింది నాగరత్నమ్మ.

పొమ్మంటే పాపం. ఉంచుకుంటే చేపలు. తెల్లారితే తొట్లు నిండుకుంటా ఉండాయి. ఒగ బస్సూ ఆగదు. గురప్ప మాత్రం మూడు పూటలా చేపలపులుసు తిని చెంపలు పెంచినాడు. అవతల వరదమ్మ ఇంగో పొయ్యి వేయించింది. చెవులకు కొత్త కమ్మలు కొనింది. ఆ కమ్మలు ఎండలో తళుక్కుమన్నప్పుడల్లా నాగరత్నమ్మ కావాలనే మొగం అటు తిప్పేది, మళ్ళా తనే ఇటు తిప్పుకొని చూసేది.

ఎండలు ముదిరినాయి. బోర్లు వేసిన చోటల్లా దుమ్మే లేస్తా ఉండాది. క్రాసులో బావులన్నీ అడుగంటినాయి. చేపలు బతకల్లంటే నీళ్ళుండల్ల కదా, అందుకని నాగరత్నమ్మ తొట్లు మాత్రం ఎండలేదు.

ఒగ మధ్యాన్నం తిరపతి నుంచి తిరిగొచ్చే చెంగయ్య బండి ముక్కులోనుంచి పొగలు కక్కుకుంటా వచ్చి ఈపక్క ఆగింది.

"అక్కా, రేడియేటరు ఉడికిపోతాండాది. బిందెడు నీళ్ళు పొయ్యి!"

"ఇప్పుడు కనపడిందా అక్క? పోయి ఆ తలగడల ఇడ్లీల కాడ అడుగు."

"ఆడ చెయ్యి కడుక్కునేదానికి గూడా నీళ్ళు లేవక్కా. తిట్టుకుంటానే పొయ్యి, ఏం కాదు."

తిట్టుకుంటానే పోసింది. బండి చల్లారేదాకా జనం దిగినారు. అందరివీ బోడిగుండ్లు. మొక్కులు తీరిపోయినాయి, వారం దినాలుగా నీచు లేక నాలుక చచ్చిపోయి ఉండాది. లోపల గురప్ప మామిడికాయ ముక్కలేసి చేపలపులుసు కాస్తా ఉన్నాడు. వాసన బస్సు చుట్టూ తిరిగింది.

ఒగ గుండాయన తలుపు కాడికి వచ్చి, మెల్లిగా, "అమ్మా, అది అమ్మేదానికా, మీరు తినేదానికా?" అన్నాడు.

"తినేదానికే" అన్నాడు గురప్ప లోపలినుంచి. "ఎవురైనా తినొచ్చు."

అంతే. ఆ దినంనుంచి కొండకు పొయ్యే బస్సులు ఆపక్క, కొండ దిగిన బస్సులు ఈపక్క. సంగటి, చేపలపులుసు. చేసింది చేసినట్ల అయిపోతా ఉండాది. చూసేవాళ్ళకు ఇంగేం కావల్ల అనిపిస్తాది. నాగరత్నమ్మకు మాత్రం ఒగటే దిగులు. తనకాడికి గుండ్లోళ్ళు, దానికాడికి జుట్టున్నోళ్ళు. ఎట్ల చూసినా జుట్టున్నోళ్ళే జాస్తి మాదిరి కనపడినారు ఆమెకు.

వానలు పడేముందర హాలండోళ్ళ పని అయిపోయింది. బాకరు, విస్సరు ఒగే జీపులో పోయినారు. విస్సర్ పోతాపోతా గడప కాడ కుడికాలు ముందర పెట్టి బయటికి దిగినాడు. నాగరత్నమ్మ ఏడ్చింది. సగం ఆయన కోసం, సగం తొట్ల కోసం.

పక్క దినం తొట్లు ఒట్టివే. అవతల వరదమ్మ పిండీ పొంగలేదు. చెంగయ్య బండి వచ్చింది, ఏ పక్క ఆపల్లో తెలీక నడిరోడ్లో ఆపినాడు. వరదమ్మకు పిండి పొంగని కోపమంతా ఎవురిమీదనో ఒకరిమీద పొయ్యల్ల కదా. ఒట్టి బిందె నడుముకు పెట్టుకొని రోడ్డు మీదికి వచ్చింది.

"ఏమ్మే ఇస్సరమ్మా! చేపల మహరాణీ! ఇన్నాళ్ళూ గుండ్లోళ్ళనంతా ఎగేసుకొని పోతివే! యాడే నీ చేపలు? జీపెక్కి పోయినాయంటనే ఇస్సరమ్మా!"

బస్సంతా ఘొల్లుమనింది. కండక్టరు విజిలేసి, "ఇస్సరమ్మ అంగడి! దిగేవాళ్ళు దిగండప్పా!" అని అరిచినాడు. ఇంగ ఆ పేరు బస్సెక్కి చిత్తూరు దాకా పోయింది.

తెల్లారి నాగరత్నమ్మ లేచేసరికి తొట్లో తపతపమని చప్పుడు.

ఆమె తొట్టి పక్కనే కూలబడింది. ఎదురింటోళ్ళు పిలిచి పిలిచి అతుక్కునిందని విస్సర్ చెప్పినమాట అప్పుడు తలకెక్కింది. వరదమ్మ నోటితో తిట్టిన తిట్టే తనకు ఇంటిపేరయి కూర్చునింది. మరి వరదమ్మకు? దాన్ని అందరూ వరదమ్మా అనే పిలుస్తారు. ఇంగో పేరు ఎత్తి తిట్టల్లంటే తనే తిట్టల్ల.

నాగరత్నమ్మ పెదవులు గట్టిగా బిగించుకునింది.

వరదమ్మ దినమూ రోడ్డు మీదికి వచ్చి ఇస్సరమ్మా అని తిడతానే ఉండాది. తిట్టేకొద్దీ ఈపక్క చేపలు బలుస్తా ఉండాయి. నాగరత్నమ్మ మాట తిప్పి అనలేదు. పుట్టినప్పటినుంచి ఒగ తిట్టు గూడా బాకీ పెట్టుకోని మనిషి.

"ఒంట్లో బాగలేదా మే?" అన్నాడు గురప్ప. "డాక్టరుకాడికి పోదామా?"

"నోరు మూసుకొని పులుసు కలుపు."

వరదమ్మ ఇడ్లీలు బిళ్ళల మాదిరి అయిపోయినాయి. విసిరితే కుక్క కుంటల్ల, అట్ల. కమ్మలు పోయినాయి, రెండో పొయ్యి ఆరిపోయింది. ఒగ దినం పొద్దున వరదమ్మ అండాలు, గిన్నెలు గోతాంలో కట్టి రోడ్డు మీద పెట్టింది. తిట్టలేదు. ఈపక్క చూడను గూడా లేదు.

"ఐరాలలో వాళ్ళన్న ఇంటికి పోతా ఉండాదంట" అన్నాడు గురప్ప. "అన్న పెండ్లాం కూడు వండిపెడతాదంట, ఈమె కూర్చొని తినొచ్చంట. ఇంగ నీకు ఎదురు లేదు మే."

నాగరత్నమ్మ గంటె పట్టుకొని నిలబడింది. అనుకున్నది అయింది. సంతోషం వస్తాదని కాసేపు చూసింది. రాలేదు.  కూర్చొని తింటాదంట! తెల్లారి నాలుగింటికి లేచే పని లేదంట! పొగ లేదు, డ్రైవర్ల మాటలు పడేది లేదు, ఎవురో వండితే కాళ్ళు చాపుకొని తినేదంట! నేను మాత్రం ఈడ కండ్లు పోగొట్టుకుంటా సావల్లనా?

బస్సు వచ్చింది. వరదమ్మ ఒగ కాలు మెట్టు మీద పెట్టింది.

నాగరత్నమ్మకు ఇంగ పట్టలేదు. గంటె పట్టుకొనే రోడ్డు మీదికి ఉరికింది.

"ఏమే బాకరమ్మా! యాడికే పోతావు? మమ్మల్నందరినీ ఎండలో పెట్టి నువ్వు పోయి నీడన కూర్చుంటావా? సిగ్గులేదే బాకరమ్మా? దిగవే కిందికి!"

బస్సంతా కిటికీల్లోనుంచి తలలు పెట్టింది. వరదమ్మ మెట్టు మీదనే నిలబడిపోయింది. నాగరత్నమ్మను చూసింది. కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. ఆమీట గోతాం కిందికి లాగి, "ఎవురే బాకరమ్మ, చేపలకంపుదానా!" అని మొదలుపెట్టింది.

ఇద్దరూ బస్సు పొయ్యేదాకా తిట్టుకున్నారు. బస్సు పోయినాక గూడా తిట్టుకున్నారు.

పక్క దినం తెల్లారి నాగరత్నమ్మ లేచి రోడ్డుకు అవతల చూసింది. అండా చాలక వరదమ్మ బకెట్ల కోసం పరిగెత్తుతా ఉండాది. ఆపక్క అప్పటికే రెండు బస్సులు ఆగినాయి, నిండా జుట్టున్నోళ్ళు. నాగరత్నమ్మ కడుపు భగ్గుమనింది.

హమ్మయ్య అనుకొని పొయ్యి ముట్టించింది.